మన ఇంటి కప్పు చరిత్ర: పాత ఇల్లు బాగుచేయించుకునే సభ్యుల కోసం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇంటిని బాగుచేయించడం ఈ రెండింటి కంటె చిక్కైన పని. కొత్త ఇంటికి ప్లాను మన చేతిలో వుంటుంది. పాత ఇంటి ప్లాను తాతగారి తలలోనో, ఏనాడో గతించిన మేస్త్రీ తలలోనో వుండి వారితోనే పోయింది. గోడలో ఏమున్నదో, కప్పు మీద ఎన్ని పొరలున్నాయో గునపం పడేదాకా తెలియదు.

మన సంఘ సభ్యులలో చాలామంది ఇప్పుడు ఈ ఆలోచనలోనే వున్నారు. ఉద్యోగకాలమంతా అద్దె ఇళ్ళలోను, క్వార్టర్లలోను గడిపి, పిల్లలను ఒడ్డెక్కించి, చివరకు నాన్నగారి ఇంటికి చేరినవారు కొందరు. 1970లలోను, 80లలోను ఇంటి అప్పు తీసుకొని కట్టుకున్న స్లాబు ఇళ్ళు పెచ్చులూడి బాధపడుతున్నవారు మరికొందరు. పిల్లలు ఫోను చేసి "మొత్తం పడగొట్టి కట్టేద్దాం, ఏ.సీ.లు పెట్టిద్దాం" అంటారు. పడగొట్టడమా, బాగుచేయడమా అన్నది ఎవరి వీలును బట్టి వారు తేల్చుకోవలసినదే. ఏది చేసినా ఒక విషయం మాత్రం ముందుగా తెలిసివుండాలి. ఆ ఇల్లు ఎండను ఎట్లా ఆపుతున్నది, లేక ఎందుకు ఆపలేకపోతున్నది అన్నది ఆ విషయం.

ఇది మన వయసువారికి కేవలం సుఖానికి సంబంధించినది కాదు. 2003 వేసవిలో మన రాష్ట్రంలో వడదెబ్బకు వేయిమందికి పైగా చనిపోయారు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి మళ్ళీ వేయిమందికి మించి పోయారు. ఎండన పడి పనిచేసిన కూలీలతో పాటు ముసలివారూ అందులో వున్నారు. పగలు కొడుకులు, కోడళ్ళు ఆఫీసులకు పోతే ఇంట్లో మిగిలేది మనమే. అందుచేత ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, రాజుల చరిత్ర వ్రాయగలవారు వేరే వున్నారు గనుక, నేను మన నెత్తిమీది కప్పు చరిత్ర ఎంచుకున్నాను.

తాటాకు, చౌడు, గూన

మన దేశపు పాత ఇళ్ళను కప్పును బట్టి మూడు నాలుగు రకాలుగా చెప్పుకోవచ్చు.

కోస్తాలో సామాన్యుని ఇల్లు తాటాకుది, రెల్లుగడ్డిది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో గుండ్రంగా కట్టిన చుట్టిళ్ళు వుండేవి. మూలలు లేని ఇల్లు కనుక తుఫాను గాలి పక్కలకు జారిపోయేది. మందమైన మట్టి గోడ, దాని మీదికి దాదాపు నడుము ఎత్తుదాకా దిగిన చూరు. గోడకు ఎండే తగలదు. లోపల తాటి దూలాల మీద మట్టి పరచిన అటక వేసుకునేవారు. కప్పు అంటుకున్నా నిప్పు కింద పడకుండా ఆపడానికి అది పెట్టినది. వేడినీ అదే ఆపేది.

రాయలసీమలో మట్టి మిద్దెలు. రాతి గోడలు, వాటిపై దూలాలు, దంతెలు, వాటి మీద బండలో కట్టెలో పరచి, పైన అడుగు దాకా మట్టి. అన్నిటికంటె మీద చౌడు. చౌడు నీటిని లోపలికి దిగనీయదని అనుభవంతో తెలుసుకున్నారు. ఏటా వానలకు ముందు కొత్త చౌడు తోలి మిద్దె మీద పరచుకోవడం ప్రతి ఇంటిపని. వెలుతురుకు మిద్దెలో గవాచి వుండేది.

తెలంగాణాలో గూన పెంకుటిళ్ళు, నడుమ ఖాళీ వాకిలి వదలి నాలుగు వైపులా కట్టిన భవంతులు. గోదావరి, కృష్ణా జిల్లాలలో అదే పద్ధతి మండువా లోగిలి అయింది. నాలుగు కప్పులూ లోపలికి వాలి, వాననీరు నడిమి మండువాలో పడి తూము గుండా బయటికి పోయేది. పగటి వేడిగాలి మండువా గుండా పైకి పోవడం, రాత్రి చల్లగాలి దిగడం ఆ ఇళ్ళలో పడుకున్నవారందరికీ తెలిసిన సంగతి. గూన పెంకు కుమ్మరి సారె మీద చేసి, కాల్చి, రెండు మూడు వరసలు ఒకదానిపై ఒకటి బోర్లించేవారు. వరసల నడుమ గాలి వుండేది. కోతులు, పిల్లులు తిరిగితే పెంకు కదిలేది. ఏటా వేసవిలో పెంకు తిరగవేయించడం ఒక ఖర్చు.

ఈ కప్పులన్నిటిలోను రెండు లక్షణాలు కనబడతాయి. ఒకటి, ఎండకూ మనిషికీ మధ్య మందమైన పొరయో, గాలి వున్న ఖాళీయో వుండేది. రెండు, ఏటా ఎవరో ఒకరు కప్పు ఎక్కి పని చేయవలసివచ్చేది.

మంగుళూరు నుండి వచ్చిన పెంకు

1865లో మంగుళూరులో బాసెల్ మిషను వారు యంత్రాలతో పెంకులు ఒత్తే ఫ్యాక్టరీ పెట్టారు. ఒక పెంకు గాడిలో మరొక పెంకు కూర్చునే ఆ చదును పెంకు పడమటి తీరం నుండి దేశమంతటా పాకింది. మనవాళ్ళు దాన్ని బెంగుళూరు పెంకు అని, బంగళా పెంకు అని పిలిచారు. తరువాత రాజమండ్రి ప్రాంతంలోనూ గోదావరి ఒండ్రుమట్టితో ఆ పెంకులు తయారయ్యాయి. అంతకు ముందే 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తి అయి, కాలువలలో పడవలు తిరగసాగాయి. పెంకులు, కలప, సున్నం గ్రామాలకు పడవల మీద చేరేవి. కాలువ నీటితో వరి పండింది, వరి డబ్బుతో మండువా లోగిళ్ళు లేచాయి.

బెంగుళూరు పెంకు ఒకే వరస. బరువు తక్కువ, కలప తక్కువ పడుతుంది, ఏటా తిరగవేయించే బాధ తక్కువ. కాని గూన పెంకు వరసల మధ్యనుండే గాలి ఇందులో లేదు. మధ్యాహ్నం దాని కింద కూర్చుంటే వేడి నెత్తికి తగులుతుంది. ఆనాటివారు దీనికి అటకతో జవాబు చెప్పారు. పెంకుకూ గదికీ మధ్య చెక్క అటక వేసి, పాత సామాన్లు, ధాన్యం, ఆవకాయ జాడీలు దాని మీద పెట్టారు. సాయంత్రం ఎండ తగ్గగానే పలుచని పెంకు త్వరగా చల్లారేది. రాత్రి నిద్రకు ఆ ఇల్లు మంచిదే.

గానుగ సున్నం

కలిగినవారి మేడలకు, సర్కారు కచేరీలకు గానుగ సున్నం. తెలంగాణాలో డంగు సున్నమన్నారు. గుండ్రని రాతి గాడిలో సున్నమూ ఇసుకా పోసి, ఎద్దులను కట్టి రాతి చక్రం తిప్పి గంటలకొద్దీ నూరేవారు. బెల్లపు నీరు, కరక్కాయ నానబెట్టిన నీరు కలిపేవారు. 1591 నాటి చార్మినారు మీది నగిషీ సున్నపు పనే.

ఆ మేడల పైకప్పును మద్రాసు టెర్రసు అనేవారు. టేకు దూలాల మీద దగ్గర దగ్గరగా దంతెలు పరచి, వాటిమీద చిన్న పలుచని ఇటుకలను ఏటవాలు వరసలుగా నిలబెట్టి సున్నంతో అతికేవారు. దాని పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు పోసి, ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్క బాదులతో రోజుల తరబడి కొట్టేవారు. పాట పాడుతూ కొట్టేవారు. బాదు ఎగిరిపడేటంత గట్టిపడ్డాక పని అయినట్టు. ఆ పైన పలక పెంకులు అతికేవారు. మన సభ్యులలో పాత కలెక్టరు కచేరీలలోను, తాలూకా కచేరీలలోను పనిచేసినవారికి ఆ కప్పు తెలుసు. పద్నాలుగు అడుగుల ఎత్తు, నిలువెత్తు కిటికీలు, చుట్టూ వరండా. ఫైళ్ళ దుమ్ము ఎంత వున్నా మే నెలలో అక్కడ కూర్చుని పని చేయగలిగాము.

సిమెంటు పర్మిట్ల కాలం

ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. మన దేశంలో 1904లో మద్రాసులో చిన్న ప్రయత్నం జరిగి ఆగింది. 1914లో పోరుబందరు ఫ్యాక్టరీ నుండి సిమెంటు బయటికి రావడం అసలు ఆరంభం. 1936లో పది కంపెనీలు కలసి ఏ.సీ.సీ. అయ్యాయి. నైజాం రాజ్యంలో షాబాదు, ఆంధ్రలో బెజవాడ, తరువాత మాచర్ల, మంచిర్యాల ఇట్లా ఫ్యాక్టరీలు వచ్చాయి. ఇనుప కడ్డీలు వేసి సిమెంటు కాంక్రీటు పోసిన స్లాబు ముందు వంతెనలకు, ప్రభుత్వ భవనాలకు, సినిమా హాళ్ళకు వచ్చి, ఆ తరువాత ఇళ్ళకు దిగింది.

1970ల నడుమ నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తాలూకా కచేరిలో సిమెంటు పర్మిట్ల సీటు చూచాను. సిమెంటు ధర, పంపిణీ అప్పుడు ప్రభుత్వ అదుపులో వుండేవి. ఇల్లు కట్టేవాడు అర్జీ, ప్లాను, ఎస్టిమేటు జతచేసి పెట్టుకోవాలి. అడిగిన బస్తాలు ఒకటి, మంజూరయ్యే బస్తాలు ఒకటి. అరవై అడిగినవారికి ఇరవై వచ్చిన రోజులున్నాయి. శుభలేఖ జతపరచి "అమ్మాయి పెళ్ళిలోగా స్లాబు పడాలి, దయ చూడండి" అని వ్రాసుకున్న అర్జీలు నేను చాలా చూచాను. 1982 ఫిబ్రవరిలో ఆ అదుపు కొంత సడలింది, 1989 మార్చిలో పూర్తిగా పోయింది.

స్లాబు మీద జనానికి అంత మోజు ఊరికే కలగలేదు. వేసవి వచ్చిందంటే అగ్నిప్రమాదాల జాబితాలు మా కచేరీకి వచ్చేవి. ఒక గుడిసె అంటుకుంటే గాలివాటున పేట మొత్తం బూడిద. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేలమందికి పైగా చనిపోయారు. ఉప్పెన నీటికి, గాలికి మట్టి గోడలు, తాటాకు కప్పులు ఆనవాలు లేకుండా పోయాయి. ఆ ప్రాంతంలో పనిచేసిన మన సభ్యులు ఆ దృశ్యాన్ని మరువలేరు. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడి పక్కా ఇళ్ళ కార్యక్రమం పెద్దయెత్తున సాగింది. స్లాబు కాలదు, ఎగిరిపోదు, ఏటా తిరగవేయించనక్కరలేదు. ఆడపిల్లను ఇచ్చేవారు "స్లాబు ఇల్లేనా?" అని అడిగే రోజులు వచ్చాయి. ఎవరి మీదా తప్పు పెట్టడానికి లేదు.

ఎస్టిమేటులో మాయమైన పద్దు

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఈ వ్యాసానికి ఇదే ముఖ్యం.

ఆ రోజుల్లో అర్జీలతో వచ్చిన ఎస్టిమేట్లలో పునాది, గోడలు, స్లాబు, ఆ తరువాత ఒక పద్దు వుండేది: స్లాబు మీద ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు, పైన పలక పెంకులు. వాననీరు వాలుగా పోవడానికి, ఎండ ఆపడానికి వేసే పొర అది. మద్రాసు టెర్రసు నుండి స్లాబుకు వారసత్వంగా వచ్చింది. ప్రభుత్వ భవనాల అంచనాలలో ఈ పద్దు స్థిరంగా వుండేది.

ఇంటివారి ఎస్టిమేట్లలో మాత్రం ఏడాదికేడాది ఈ పద్దు చిక్కిపోవడం చూచాను. డబ్బు స్లాబు దగ్గరే అయిపోయేది. "పైపని తరువాత చేయించుకుంటాం" అనేవారు. ఇంకొక అంతస్తు వేసే ఆలోచన వుంటే, మళ్ళీ పగులగొట్టవలసి వస్తుందని కడ్డీలు పైకి వదలి ఆపేవారు. ఆ అంతస్తు ముప్పై ఏళ్ళైనా లేవదు. కడ్డీలు తుప్పుపట్టి వంగి వుంటాయి. ఈలోగా ఊళ్ళో గానుగ మూతపడింది, బాదు పని తెలిసినవారు లేకపోయారు. చివరకు స్లాబు మీద అంగుళం సిమెంటు గచ్చు వేసి పని ముగించడమే పద్ధతి అయింది. గది ఎత్తు పద్నాలుగు అడుగుల నుండి పదికి, తొమ్మిదికి దిగింది. 1970లో వచ్చిన జాతీయ భవన నిర్మాణ స్మృతి గదికి 2.75 మీటర్లు, అంటే తొమ్మిదడుగులు, చాలునన్నది. ఫాను వుంది కదా అనుకున్నారు. వరండా గదిలో కలసిపోయింది.

ఈ విధంగా తాటాకు పోయినప్పుడు ఒక పొర పోయింది, గూన పోయినప్పుడు ఒక పొర, అటక పోయినప్పుడు ఒకటి, చివరకు సున్నపు కాంక్రీటు. ప్రతి మార్పుకూ మంచి కారణమే వున్నది. కాని పోయిన పొర స్థానంలో మరొకటి పెట్టాలని ఎవరి ఎస్టిమేటులోను వ్రాయలేదు.

ఎనిమిది ఇస్త్రీపెట్టెలు

ఈ నష్టాన్ని అంకెలలో చూద్దాం. మామూలు ఇటుక కంటె కాంక్రీటు సుమారు రెండింతలు వేగంగా వేడిని పోనిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇళ్ళకోసం ఎకో నివాస్ సంహిత అనే ఇంధన పొదుపు స్మృతిని తెచ్చింది. దాని ప్రకారం పైన ఒక డిగ్రీ వేడి ఎక్కువ వున్నప్పుడు ఒక చదరపు మీటరు కప్పు గుండా 1.2 వాట్లకు మించి వేడి లోపలికి రాకూడదు. పైన ఏ పొరా లేని స్లాబు గుండా సుమారు 3.5 వాట్లు వస్తుంది. హద్దుకు దాదాపు మూడింతలు.

వేయి చదరపు అడుగుల ఇల్లు అనుకోండి. అది 93 చదరపు మీటర్లు. మే నెల మధ్యాహ్నం స్లాబు పైభాగం 60 డిగ్రీలు, గది 35 డిగ్రీలు అనుకుంటే తేడా 25. గుణిస్తే ఎనిమిది వేల వాట్లు పైచిలుకు. అంటే ఎనిమిది ఇస్త్రీపెట్టెలు వేడిచేసి ఇంటి కప్పుకు వేలాడదీసినట్టు. స్మృతి చెప్పిన హద్దులో కప్పు వుంటే ఇది 2,800 వాట్లకు దిగుతుంది. ఇది స్థూలమైన లెక్క. వేడి స్లాబు గుండా దిగడానికి కొన్ని గంటలు పడుతుంది గనుక గంటగంటకూ మారుతుంది. మధ్యాహ్నం తాగిన ఎండను స్లాబు సాయంత్రం, రాత్రి కక్కుతుంది. అందుకే రాత్రి పదింటికి కూడా ఫాను వేడిగాలి కొడుతుంది.

ఇదే లెక్క పాత కప్పులకూ వేసి చూచాను. నాలుగంగుళాల సున్నపు కాంక్రీటు స్లాబు మీద వుంటే 3.5 కాస్తా 2.3కు దిగుతుంది. అడుగు మందం మట్టి వున్న రాయలసీమ మిద్దెకు వేస్తే దాదాపు 1.2 వస్తుంది! 2018లో ఢిల్లీలో నిర్ణయించిన హద్దును చదువురాని మన తాతలు చౌడు తట్టలతో అందుకున్నారు.

పాతదంతా బంగారమా?

ఇంతమాత్రాన అందరూ మట్టి మిద్దెలకు మళ్ళాలని నేను అనను. అడుగు మందం మట్టి చదరపు మీటరుకు దాదాపు అయిదు క్వింటాళ్ళ బరువు. ఏటా పాత మట్టి తీయకుండా కొత్తది పరిస్తే ఇంకా పెరుగుతుంది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో భూకంపం వచ్చింది. హైదరాబాదులో కూడా మంచాలు కదిలాయి. అక్కడి ఇళ్ళు మట్టితో పేర్చిన రాతి గోడలు, పైన మందపాటి మట్టి కప్పులు. నిద్రలో వున్న వేలాదిమంది ఆ బరువు కిందే సమాధి అయ్యారు. వేసవిలో చల్లగా కాపాడిన కప్పే చంపింది. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు నానిన మట్టి గోడలు కూలిపోవడం కూడా చూచాము.

అంటే పాత ఇల్లు బరువుతో వేడిని ఆపింది. కొత్త ఇల్లు ఆ బరువును దించింది, దానితో పాటు రక్షణనూ దించేసింది. ఇప్పుడు తేలికగా వేడిని ఆపే వస్తువులు బజారులో వున్నాయి. గట్టిగా ఒత్తిన పాలిస్టిరీను నురగ పలక అంగుళం మందం వేస్తే స్లాబు గుండా వచ్చే వేడి 3.5 నుండి ఇంచుమించు 1.0కి దిగుతుంది. దాని బరువు చదరపు మీటరుకు కిలో కూడా వుండదు. అడుగు మట్టి చేసిన పని అంగుళం పలక చేస్తున్నది. తాతగారి బుద్ధి వుంచుకొని, తాతగారి బరువు వదలుకోవచ్చు.

బాగుచేయించేవారు చూచుకోవలసినవి

మొదట ఇంటికి ఒక సర్వీసు రిజిస్టరు తెరవండి. మన ఉద్యోగానికి వున్నట్టే ఇంటికీ వుండాలి. ఏ భాగం ఏ సంవత్సరం కట్టినది, గోడ మట్టిదా, సున్నందా, సిమెంటుదా, కప్పు మీద ఏ పొరలున్నాయి, ఎక్కడ కురుస్తుంది, వైరింగు ఎప్పటిది అన్నీ వ్రాయండి. పిట్టగోడ మూల ఒక జానెడు పగులగొట్టి చూస్తే పొరలు తెలుస్తాయి. ఇల్లు ఉమ్మడిదైతే అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ సమ్మతి కాగితం మీద పెట్టి అదే రిజిస్టరులో జతపరచండి. మాట మీద మొదలైన మరమ్మతు కోర్టులో ఆగిన ఇళ్ళు ప్రతి ఊళ్ళో వున్నాయి.

రెండవది, మే నెలలో ఒక వారం గోడ థర్మామీటరుతో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి ప్రతి గదిలో వేడి వ్రాయండి. ఏ గది ఎప్పుడు కాగుతున్నదో తెలుస్తుంది. మధ్యాహ్నమే కాగితే కిటికీల ఎండ, సాయంత్రం తరువాత కాగితే స్లాబు లేదా పడమటి గోడ అని అనుమానించవచ్చు.

మూడవది, స్లాబు బలం. నలభై ఏళ్ళు దాటిన స్లాబుకు అడుగున పెచ్చులూడి, కడ్డీ తుప్పు కనబడుతుంటే ముందు ఇంజనీరుకు చూపించండి. మేస్త్రీ కంటిచూపు చాలదు. తుప్పు తినేసిన స్లాబు మీద రంగులకు, టైల్సుకు డబ్బు పోయడం వృథా, అపాయం కూడా.

నాల్గవది, పని వరుస. ఇల్లు పై నుండి కిందికి బాగుచేయాలి. గచ్చు, రంగులు ముందు చేయించి, కప్పు పని తరువాత పెట్టుకుంటే చేసిందంతా పాడవుతుంది. కప్పు మీద మొదట పగుళ్ళు పూడ్చి నీరు దిగకుండా చేయాలి, తరువాత పలకలు, వాటిపై నీటి వాలుతో పలుచని కాంక్రీటు, అన్నిటికి పైన తెల్లని టైల్సు లేదా తెల్లరంగు. చెమ్మ వున్న కప్పు మీద పలక వేస్తే ప్రయోజనం లేదు, తడిసిన పొర వేడిని ఆపదు. గదిలోపల ఫాల్సు సీలింగు వేయిస్తే కొంత మేలుంటుంది గాని, స్లాబు మాత్రం ఎండ తాగుతూనే వుంటుంది. పైనుండి ఆపడం మేలు.

అంత ఖర్చు పెట్టలేనివారు కనీసం తెల్లరంగు వేయించండి. శివరాత్రి వెళ్ళాక స్లాబు మీద చిక్కని సున్నం వెల్ల వేయించినా తేడా తెలుస్తుంది. ఏటా వేయాలి, దుమ్ము పట్టితే కడగాలి. చౌడు తోలుకున్న మన పెద్దలకు ఏటా కప్పు ఎక్కడం కొత్తకాదు. తెలంగాణా ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. దాని సారాంశం కూడా ఇదే, ఎండను తిప్పికొట్టే కప్పు.

అయిదవది, గోడలు. మట్టి గోడకు గాని, సున్నపు గోడకు గాని సిమెంటు పూత పూయించకండి. ఆ గోడలు నేల చెమ్మను పీల్చి గాలికి వదులుతాయి. సిమెంటు పూత చెమ్మను లోపలే బంధిస్తుంది. కొన్నాళ్ళకు పూత ఉబ్బి, లోపల గోడ మెత్తబడుతుంది. సున్నపు పూతే వేయించండి. పడమటి గోడకు పందిరి, తీగ, చెట్టు, వరండా ఏదో ఒక నీడ కల్పించండి. కిటికీకి లోపల వేసే పరదా కంటె బయట కట్టే తడిక, సన్‌షేడు మేలు, ఎండ అద్దం దాటిన తరువాత ఆపి లాభం తక్కువ.

ఆరవది, పెంకుటిల్లు వున్నవారు తొందరపడి పడగొట్టకండి. పుచ్చిన పెండెలు మార్చి, పగిలిన పెంకులు తీసి, కింద అటకో, తేలిక సీలింగో వేసి, మధ్య ఖాళీలోని వేడిగాలి పోవడానికి రెండు కొసలా కన్నాలు వుంచితే అది స్లాబు కంటె చల్లగా వుంటుంది. పాత టేకు దూలం నేడు కొనగలిగింది కాదు.

ఏడవది, ఊరి గాలి. రాయలసీమ, తెలంగాణాలో రాత్రి గాలి పొడిగా, కొంత చల్లగా వుంటుంది. పగలు కిటికీలు మూసి రాత్రి తెరిస్తే ఇల్లు చల్లారుతుంది. వట్టివేళ్ళ తడికలూ అక్కడే పనిచేస్తాయి. కోస్తాలో ఉక్కపోత గనుక ఎదురెదురు కిటికీలు, ఫాను ముఖ్యం. ఏ.సీ. పెట్టదలచినా ముందు కప్పు పని చేయించుకుంటే చిన్న యంత్రం చాలుతుంది, కరెంటు బిల్లు తగ్గుతుంది.

పింఛను మీద బ్రతికేవారికి ఇదంతా ఒక్కసారి కాకపోవచ్చు. అటువంటివారు ఒక్క గదిని ఎంచుకోండి. తూర్పు లేదా ఉత్తరపు గది. దాని కప్పు, కిటికీ మాత్రం ముందు బాగుచేయించి, ఇంట్లో పెద్దవారు మే నెల మధ్యాహ్నాలు అందులో వుండే ఏర్పాటు చేయండి. మిగతా ఇల్లు వచ్చే ఏడు చూచుకోవచ్చు. హాలులో మార్బులు పరచడం కంటె ఇది ముందు జరగవలసిన ఖర్చు.

మేస్త్రీగాని, కాంట్రాక్టరుగాని ఎస్టిమేటు తెచ్చినప్పుడు మన పాత అలవాటు ప్రకారం ప్రతి పద్దూ చదవండి. స్లాబు మీద ఎండ ఆపే పొర అనే పద్దు అందులో వున్నదా చూడండి. లేకపోతే సంతకం పెట్టక ముందే వ్రాయించండి. ఇప్పటికే తమ ఇళ్ళకు ఇటువంటి పని చేయించుకున్న సభ్యులు ఖర్చు, పనికి ముందు వెనుక గదిలో వేడి వివరాలతో సంఘ కార్యాలయానికి వ్రాస్తే, తరువాతి సంచికలో అందరికీ ఉపయోగపడుతుంది.

సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ చల్లని ఇళ్ళలో దీర్ఘాయువు కోరుతూ, స్వస్తి.